మీ రిపోర్టులో ఉన్న ఆ పేరు ఎవరిది?

కబడ్డీలో కూతకెళ్లిన మీ అబ్బాయిని అవతలి జట్టు ఒడిసిపట్టింది. చెయ్యి వెనక్కి మెలిపడి కిందపడ్డాడు. భుజం కీలు జారింది. ఆస్పత్రిలో సరిచేసి, స్లింగ్ వేసి పంపారు. నొప్పి తగ్గింది కదా అని అందరూ మరచిపోయారు. కొన్ని నెలలకు బస్సులో పైనున్న కడ్డీ పట్టుకుంటే మళ్లీ జారింది. ఆ తర్వాత చొక్కా వేసుకుంటున్నా, నిద్రలో పక్కకు తిరిగినా జారడం మొదలైంది. చివరికి ఎంఆర్‌ఐ తీయిస్తే రిపోర్టులో బ్యాంకార్ట్ లీజన్ అని రాసి ఉంది. అదేదో కొత్త జబ్బేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు.

కంగారు అక్కర్లేదు. బ్యాంకార్ట్ అన్నది జబ్బు పేరు కాదు, ఒక డాక్టరు పేరు. ఎముకల డాక్టర్లు ఎక్కడున్నా రోజూ తలచుకునే పేరు. అసలు భుజం ఎందుకు పదేపదే జారుతుందో ఆయన వందేళ్ల కిందటే తేల్చిచెప్పారు. ఆయన కథ తెలిస్తే మీ రిపోర్టులో సగం అర్థమవుతుంది. మిగతా సగం, అంటే ఆయన తర్వాతివాళ్లు పట్టుకున్న ఎముక అరుగుదల సంగతి తెలిస్తే, ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌ను ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

సర్జన్ ఇంట పుట్టి...

ఆర్థర్ సిడ్నీ బ్లండెల్ బ్యాంకార్ట్ 1879లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టారు. తండ్రి ఆ ఊళ్లో సర్జన్. రగ్బీ స్కూల్లో, ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీలో చదివారు. వైద్యవిద్య లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో సాగింది.

అప్పటికి ఎముకల వైద్యం ఇప్పటిలా ప్రత్యేక విభాగంగా కుదురుకోలేదు. పొట్ట కోసే సర్జనే విరిగిన కాలూ చూసేవాడు. ఆ రోజుల్లో బ్యాంకార్ట్ ఎముకల దారి ఎంచుకున్నారు. లండన్‌లోని రాయల్ నేషనల్ ఆర్థోపెడిక్ హాస్పిటల్‌లో 1909లో మొట్టమొదటి సర్జికల్ రిజిస్ట్రార్‌గా చేరారు. పిల్లల ఆస్పత్రుల్లో, నరాల వ్యాధుల ఆస్పత్రిలో కూడా పనిచేశారు. వెన్నుపాముకు సంబంధించిన ఆపరేషన్లూ చేసేవారు. 1918లో బ్రిటిష్ ఆర్థోపెడిక్ అసోసియేషన్‌ను స్థాపించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. 1920లో మిడిల్‌సెక్స్ ఆస్పత్రి ఆయన్ను తమ తొలి ఆర్థోపెడిక్ సర్జన్‌గా తీసుకుంది. చేతివేగం ఉన్న సర్జన్ అని పేరు.

ఆయన పేరు నిలబెట్టిన సంఘటన మాత్రం 1923లో జరిగింది. దాన్ని చెప్పుకునే ముందు మన భుజం లోపల ఏముందో ఒకసారి చూద్దాం.

సాసర్ మీద బత్తాయి

మన ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువ దిక్కులకు తిరిగే కీలు భుజానిదే. చెయ్యి పైకెత్తవచ్చు, వీపు గోక్కోవచ్చు, బంతి విసరవచ్చు. ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. గట్టిదనాన్ని వదులుకుంటేనే వచ్చింది.

తుంటి కీలుతో పోల్చి చూడండి. అక్కడ తొడ ఎముక బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. అందుకే తుంటి జారాలంటే పెద్ద ప్రమాదమే జరగాలి. భుజంలో అలా కాదు. జబ్బ ఎముక పైభాగం గుండ్రటి బంతిలా ఉంటే, రెక్క ఎముక మీద దానికి దొరికిన చోటు లోతులేని చిన్న పళ్లెం. దీన్ని డాక్టర్లు గ్లెనాయిడ్ అంటారు. సుమారుగా మూడున్నర సెంటీమీటర్ల ఎత్తు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు. టీ సాసర్‌ను నిలువుగా పట్టుకుని దానికి బత్తాయిని ఆనించినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. ఏ క్షణంలో చూసినా బంతిలో పావు నుంచి మూడోవంతు వరకే సాసర్‌ను తాకుతుంది.

మరి బత్తాయి పడిపోకుండా ఏం పట్టుకుంటోంది? సాసర్ అంచు చుట్టూ రబ్బరు వాషర్ లాంటి మెత్తటి, గట్టి పట్టీ ఉంటుంది. దాని పేరు ల్యాబ్రమ్. సాసర్ లోతులో దాదాపు సగం దీని వల్లే వస్తుంది. కీలును చుట్టి ఉండే సంచి, అందులోని లిగమెంట్లు ఈ పట్టీ దగ్గరే అంచుకు అతుక్కుని ఉంటాయి. వీటి బయట నాలుగు చిన్న కండరాలు బంతిని లోపలికి నొక్కిపెడతాయి.

ఈ సాసర్ ఆకారం కూడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది. ఎదురుగా చూస్తే బేరిపండులా ఉంటుంది. పైన సన్నం, కింద వెడల్పు. కింది మూడింట రెండు వంతులు దాదాపుగా చక్కటి వృత్తం.

తప్పు సంచిది కాదు, అంచుది

పదేపదే జారే భుజానికి బ్యాంకార్ట్‌కు ముందు కూడా ఆపరేషన్లు ఉండేవి. కీలు సంచి వదులైపోవడమే కారణమని అప్పట్లో చాలామంది సర్జన్ల నమ్మకం. వదులైన జాకెట్టుకు కుట్టు వేసినట్టు, సంచిని మడిచి బిగించేవారు. కొందరు చుట్టుపక్కల కండరాన్ని తెచ్చి బంతికి ఉట్టిలా ఆసరా కట్టేవారు. కొందరికి తగ్గేది, కొందరికి మళ్లీ జారేది.

1923లో బ్యాంకార్ట్ దగ్గరికి ఒక రోగి వచ్చారు. ఆయన బయటివారేం కాదు, ఒకప్పుడు బ్యాంకార్ట్ దగ్గరే హౌస్ సర్జన్‌గా పనిచేసిన డాక్టరు. భుజం తెరిచి చూస్తే సంచి వదులుగా కనిపించలేదు. అది ముందువైపు సాసర్ అంచు నుంచి ఊడిపోయి ఉంది. ల్యాబ్రమ్ కూడా దానితో పాటే లేచిపోయింది. తలుపు బందు ఊడితే తలుపును ఎంత సరిచేసినా ఏం లాభం? బందును మళ్లీ చట్రానికి బిగించాలి. బ్యాంకార్ట్ అదే పని చేశారు. ఊడిన అంచును ఎముకకు తిరిగి కుట్టారు.

ఆ ఏడాదే నాలుగు కేసుల వివరాలతో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన వ్యాసం వచ్చింది. ఆయన వాదన ఇది. మామూలుగా జారినప్పుడు సంచి చిరుగుతుంది, ఆ చిరుగు మానిపోతుంది. కానీ అంచు నుంచే ఊడితే అది ఎముకకు తనంతట తాను అతుక్కోదు. దాంతో ముందువైపు తలుపు తెరిచే ఉండిపోతుంది. చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పినప్పుడల్లా బంతి అటే జారుతుంది. ఆటగాళ్లలో, మూర్ఛలు వచ్చేవారిలో ఈ ఇబ్బంది ఎక్కువని కూడా ఆయన గమనించారు.

నిజానికి ఈ ఊడిన అంచును మొదట చూసింది ఆయన కాదు. ఫ్రాన్స్‌లో బ్రోకా, హార్ట్‌మన్ 1890లోనే దీని గురించి రాశారు. జర్మనీకి చెందిన పెర్తెస్ 1906లో అంచును ఎముకకు కుట్టే పద్ధతినీ వివరించారు. అయితే జారే భుజానికి అసలు మూలం ఇదేనని పట్టుబట్టి, ఏళ్ల తరబడి అదే ఆపరేషన్ చేసి, ఫలితాలు చూపించింది బ్యాంకార్ట్. అందుకే పేరు ఆయనకు దక్కింది.

27 మంది, ఒక్కరికీ జారలేదు

పదిహేనేళ్ల తర్వాత, 1938లో, ఆయన తన లెక్క మొత్తం బయటపెట్టారు. వరసగా 27 మందికి ఆపరేషన్ చేస్తే ఒక్కరికి కూడా భుజం మళ్లీ జారలేదు. చెయ్యి కదలికలూ పూర్తిగా వచ్చాయి. పాత పద్ధతులను ఆయన ఆ వ్యాసంలో గట్టిగానే విమర్శించారు. కారణాన్ని వదిలేసి చుట్టుపక్కల కుట్లు వేయడం ఆయనకు నచ్చేది కాదు.

ఆపరేషన్ మాత్రం సులువైనది కాదు. భుజం లోతుల్లో, ఇరుకు సందులో, ఎముక అంచుకు సన్నటి రంధ్రాలు చేసి దారం ఎక్కించాలి. ఇందుకోసం ఆయన ప్రత్యేకంగా పరికరాలు తయారు చేయించుకున్నారు. అక్కడికి చేరడానికి మరో అడ్డంకి ఉంది. భుజం ముందువైపు కాకిముక్కులా పొడుచుకొచ్చిన చిన్న ఎముక కొస, దాన్ని పట్టుకుని ఉండే కండరాలు. ఆ కొసను కోసి, కండరాలతో సహా పక్కకు తిప్పి, పని అయ్యాక మళ్లీ యథాస్థానంలో కుట్టేవారు. ఈ కాకిముక్కు ఎముక మన కథలోకి మళ్లీ వస్తుంది.

భుజం ఒక్కటే ఆయన లోకం కాదు. బిగుసుకున్న కీళ్లను చేత్తో కదిలించి సరిచేసే విద్య అప్పట్లో ఎక్కువగా డాక్టర్లు కానివాళ్ల చేతుల్లో ఉండేది. దాన్ని డాక్టర్లు చిన్నచూపు చూడకుండా నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. ఆ విషయం మీద 1932లో పుస్తకం కూడా రాశారు. ఆ సమయంలోనే బ్రిటిష్ ఆర్థోపెడిక్ అసోసియేషన్‌కు అధ్యక్షుడయ్యారు. 1951లో, 71 ఏళ్ల వయసులో కన్నుమూశారు. భుజం లోపలికి చిన్న కెమెరా పంపి చూసే రోజులు అప్పటికి రాలేదు. కానీ ఇప్పుడు రెండు మూడు చిన్న రంధ్రాలతో, చిన్న మేకుల్లాంటి యాంకర్లతో చేసే కీహోల్ ఆపరేషన్‌నూ బ్యాంకార్ట్ రిపేర్ అనే పిలుస్తున్నారు. దారి మారింది గానీ పని అదే.

సాసరే విరిగితే?

ఇక్కడితో కథ ముగిస్తే బాగుండేది. కానీ బ్యాంకార్ట్ ఆపరేషన్ చక్కగా చేసినా కొందరికి మళ్లీ జారేది. ఎందుకు?

1940లో శాన్ ఫ్రాన్సిస్కోలో హిల్, సాక్స్ అనే ఇద్దరు ఎక్స్‌రే నిపుణులు జారిన భుజాల ఎక్స్‌రేలను పరిశీలించారు. మెత్తటి బంతి బయటికి జారినప్పుడు దాని వెనుకభాగం సాసర్ గట్టి అంచుకు గుద్దుకుని సొట్ట పడుతోందని వాళ్లు వివరించారు. మీ రిపోర్టులో హిల్ సాక్స్ అని కనిపిస్తే అది ఈ సొట్టే. గుద్దుకునేటప్పుడు నష్టం ఒక్క బంతికే కాదు. సాసర్ ముందు అంచు కూడా చిట్లుతుంది, లేదా జారిన ప్రతిసారీ కొంచెం కొంచెం అరుగుతుంది.

జపాన్‌కు చెందిన సుగాయా బృందం 2003లో, పదేపదే జారే 100 భుజాలను త్రీడీ సీటీ స్కాన్‌లో చూసింది. 50 భుజాల్లో అంచు ముక్క విరిగి ఉంది. 40 భుజాల్లో అంచు అరిగిపోయింది. అంచు మామూలుగా ఉన్నవి పదే.

అంతకు ముందు, 2000లో, అమెరికాకు చెందిన బర్క్‌హార్ట్, దక్షిణాఫ్రికాకు చెందిన డి బీర్ 194 మంది కీహోల్ బ్యాంకార్ట్ ఆపరేషన్ల ఫలితాలు ప్రకటించారు. ఎముక పెద్దగా పోనివారు 173 మంది. వారిలో ఏడుగురికే, అంటే 4 శాతం మందికే, భుజం మళ్లీ ఇబ్బంది పెట్టింది. ఎముక బాగా పోయినవారు 21 మంది. వారిలో 14 మందికి, అంటే 67 శాతం మందికి, తిరగబెట్టింది. ఎముక బాగా అరిగిన సాసర్లను వాళ్లు తలకిందులైన బేరిపండుతో పోల్చారు. కింద వెడల్పుగా ఉండాల్సింది ముందు అంచు పోయి సన్నబడిందన్నమాట.

విషయం మీకు అర్థమయ్యే ఉంటుంది. బందు ఊడితే మళ్లీ బిగించవచ్చు. చట్రం చెక్కే పోతే మేకు దేనికి కొడతాం? అందుకే ఇప్పుడు కుట్టే ముందు కొలవడం అవసరమైంది.

ఎలా కొలుస్తారు?

మామూలు ఎక్స్‌రేలో ఎముక నష్టం ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. ఎంఆర్‌ఐలో ల్యాబ్రమ్, లిగమెంట్లు, కండరాలు బాగా కనిపిస్తాయి. ఎముకను కచ్చితంగా కొలవడానికి చాలామంది సర్జన్లు త్రీడీ సీటీ స్కాన్ అడుగుతారు. ఎంఆర్‌ఐ తీయించాక మళ్లీ సీటీ ఎందుకని చాలా కుటుంబాలు విసుక్కుంటాయి. కారణం ఇదే.

సీటీలో కంప్యూటర్ మీద బంతిని చెరిపేసి, సాసర్‌ను ఎదురుగా తిప్పి చూస్తారు. సాసర్ కింది భాగం దాదాపు వృత్తమని చెప్పుకున్నాం కదా. మిగిలి ఉన్న అంచులకు సరిపోయేలా అక్కడొక వృత్తం గీస్తారు. ముందువైపు వృత్తం ఉండి ఎముక లేని జాగా ఎంతో, అదే నష్టం.

ఒక లెక్క చూడండి. వృత్తం వెడల్పు 25 మిల్లీమీటర్లు. ముందువైపు 5 మిల్లీమీటర్ల ఎముక లేదు. అంటే 20 శాతం నష్టం. ఇదే భుజాన్ని వెడల్పుతో కాకుండా వైశాల్యంతో కొలిస్తే దాదాపు 14 శాతమే వస్తుంది. రెండూ సరైనవే, కొలిచిన తీరు వేరు. రెండు చోట్ల రెండు రకాల శాతాలు చెప్పారని మీరు బెంబేలెత్తేముందు, ఏ పద్ధతిలో కొలిచారో అడగండి.

ఎంత పోతే ఎక్కువ? వెడల్పులో 20 నుంచి 25 శాతం పోతే ఉత్త కుట్లు సరిపోవని సర్జన్లు చాలాకాలంగా భావిస్తున్నారు. శారీరక శ్రమ ఎక్కువగా ఉండే సైనికుల్లో 13.5 శాతం దగ్గరే ఆపరేషన్ ఫలితం తగ్గుతోందని 2015లో ఒక అధ్యయనం తెలిపింది. అందుకే ఇప్పుడు ఒక్క అంకెను చూసి నిర్ణయించరు. వయసు, ఆడే ఆట, చేసే పని కూడా చూస్తారు.

సాసర్‌తో పాటు బంతి మీది సొట్టనూ కలిపి లెక్కగట్టడం ఇంకో అడుగు. చెయ్యి తిప్పుతున్నప్పుడు బంతి మీద సాసర్ తాకుతూ వెళ్లే దారి ఉంటుంది. దాని వెడల్పు సాసర్ వెడల్పులో సుమారు 83 శాతం. 25 మిల్లీమీటర్ల సాసర్‌కు దాదాపు 21 మిల్లీమీటర్లు. అందులోంచి పోయిన 5 మిల్లీమీటర్లు తీసేస్తే 16 మిగులుతాయి. బంతి మీది సొట్ట ఈ 16 దాటి 18 దాకా విస్తరించి ఉంటే, చెయ్యి ఎత్తినప్పుడు సొట్ట సాసర్ అంచు దాటి తగులుకుంటుంది, భుజం జారుతుంది. రిపోర్టులో ఆఫ్ ట్రాక్ అని రాసేది ఇలాంటి సొట్టనే. సాసర్ ఎంత అరిగితే దారి అంత ఇరుకవుతుంది, చిన్న సొట్ట కూడా పెద్ద ఇబ్బందవుతుంది.

కాకిముక్కు అక్కరకొచ్చింది

ఎముక పోయినచోట ఎముకే పెట్టాలి. ఈ ఆలోచన బ్యాంకార్ట్ కాలంలోనే ఉంది. జర్మనీలో ఈడెన్ 1918లోనే ఎముక ముక్కను అతికే పద్ధతి రాశారు. 1954లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ లటార్జే మరో దారి చూపించారు. భుజం ముందున్న ఆ కాకిముక్కు ఎముకను కండరాలతో సహా కోసి, సాసర్ ముందు అంచు మీద స్క్రూతో బిగించడం. పోయిన అంచు పూడుతుంది. చెయ్యి ఎత్తినప్పుడు ఆ కండరాలు ఉట్టిలా అడ్డుపడి బంతిని ఆపుతాయి. బ్యాంకార్ట్ పని కోసం పక్కకు జరిపి మళ్లీ అక్కడే కుట్టిన కొసనే లటార్జే అసలు అతుకుగా వాడుకున్నారన్నమాట. ఎముక ఎక్కువగా పోయినవారికి ఇవాళ సర్జన్లు సూచించేది ఎక్కువగా ఈ ఆపరేషనే. కుట్లతో పోలిస్తే ఇది పెద్దది. దగ్గర్లోని నరానికి దెబ్బ తగలడం, స్క్రూల ఇబ్బంది వంటి ముప్పులు దీనికున్నాయి. అవసరమైనవారికే చేయడం మేలు. ఆ అవసరాన్ని తేల్చేది కొలతే.

మీ ఇంట్లో ఎవరికైనా జారితే

భుజం జారినప్పుడు అక్కడున్నవాళ్లు చెయ్యి పట్టి లాగడం, నూనె రాసి మర్దన చేయడం చేయకండి. ఎముక విరిగి ఉంటే నరం, రక్తనాళం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఉన్న స్థితిలోనే చెయ్యికి తువ్వాలుతో ఆసరా కట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. భుజం బయటివైపు తిమ్మిరిగా ఉన్నా, వేళ్లు చల్లబడినా డాక్టర్‌కు వెంటనే చెప్పండి. సరిచేయకముందు, చేశాక కూడా ఎక్స్‌రే తీయించాలి.

మొదటిసారి జారినవాళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. చాలామందికి కొద్ది వారాల విశ్రాంతి, ఆ తర్వాత ఫిజియోథెరపీ సరిపోతాయి. ఒంట్లో కీళ్లన్నీ పుట్టుకతోనే వదులుగా ఉండేవారికి కూడా ముందు వ్యాయామాలే. 40 దాటినవారికి జారితే ల్యాబ్రమ్ కన్నా కండరాల చిరుగు ఉందేమో చూడాలి. 20 ఏళ్లలోపు ఆటగాళ్ల విషయంలో మాత్రం తాత్సారం వద్దు. వీరిలో సగానికి పైగా మళ్లీ జారుతుంది, జారిన కొద్దీ ఎముక అరుగుతుంది. మూర్ఛ ఉన్నవారైతే ముందు మందులతో మూర్ఛలను అదుపులో పెట్టాలి. లేకపోతే ఎంత మంచి ఆపరేషన్ అయినా నిలవదు.

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు మీ డాక్టర్‌ను మూడు విషయాలు అడగండి. సాసర్ ఎముక ఎంత శాతం పోయింది, దాన్ని ఎలా కొలిచారు? బంతి మీది సొట్ట దారిలో ఉందా, దాటిందా? ఈ రెండూ చూశాక కుట్లు చాలునంటారా, ఎముక అతకాలంటారా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. స్కాన్ తెర మీ వైపు తిప్పి, వృత్తం గీసి మరీ చూపిస్తారు.

వదులైన సంచినే అందరూ తప్పుపడుతున్న రోజుల్లో బ్యాంకార్ట్ లోపలికి చూసి, ఊడిన అంచును పట్టుకున్నారు. మీ అబ్బాయి భుజానికీ అంతే శ్రద్ధగా చూడటం కావాలి. ఈసారి జారినప్పుడు పెట్టించుకుని ఇంటికి వచ్చేయకండి. అంచు ఎలా ఉందో, ఎముక ఎంత మిగిలిందో చూపించుకుని రండి.